బండి మీద ఫోను, సీటు కింద ఫ్యూజు

మన పార్కింగ్‌లో ఒకసారి తిరిగి చూడండి. చాలా బండ్ల హ్యాండిల్ మీద ఫోన్ స్టాండు ఉంటుంది, కొన్నింటికి పక్కనే యూఎస్‌బీ ఛార్జర్ కూడా. ఆ ఛార్జర్ వైరు లోపల ఎక్కడ కలిసిందిరా అని బండి ఓనర్‌ని అడిగితే "ఏమో, షాపులో పెట్టారు" అంటాడు. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ వైరు గురించే. ఎందుకంటే అది పోయేది పెట్రోలు ట్యాంకు కింద నుంచి.

ముందు అసలు ఛార్జింగ్ ఎందుకు అవసరమో చూద్దాం. సిగ్నల్ లేకపోతే జీపీఎస్ పనిచేయదని చాలామంది నమ్మకం. నిజానికి జీపీఎస్‌కి సిమ్ కార్డుతో పనే లేదు. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహాలు పంపే సిగ్నల్‌ని ఫోను వింటుంది అంతే, తిరిగి ఏమీ పంపదు. నాలుగు ఉపగ్రహాలు వినిపిస్తే మనం ఎక్కడున్నామో లెక్క కట్టేస్తుంది. నెట్ ఉంటే ఆ ఉపగ్రహాల వివరాలు ముందే దిగిపోతాయి కాబట్టి వెంటనే దొరుకుతుంది. లేకపోతే ఆకాశం నుంచే తెచ్చుకోవాలి, అదీ సెకనుకి 50 బిట్ల స్పీడుతో! (మన హాస్టల్ వైఫై చాలా నయం.) అందుకే మొదటిసారి అర నిమిషమో, ఇంకాస్త ఎక్కువో పడుతుంది.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లేటప్పుడు మన్ననూరు దాటాక నల్లమలలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. అక్కడ మాయమయ్యేది మ్యాపు, జీపీఎస్ కాదు. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే సరిపోతుంది. కానీ ఎండలో కనపడాలని బ్రైట్‌నెస్ ఫుల్‌గా పెట్టి గంటల తరబడి స్క్రీన్ వెలిగించి ఉంచితే, పొద్దున వంద శాతంతో బయల్దేరిన ఫోను కూడా దారిలోనే చేతులెత్తేస్తుంది. పైగా ఆ అడవి రోడ్డుకి రాత్రి గేటు వేసేస్తారు. దారి తప్పి తీరిగ్గా వెళ్తానంటే కుదరదు.

ఇప్పుడు లెక్క. ఫోనుకి 5 వోల్టులు, 2 యాంపియర్లు ఇస్తే 10 వాట్లు. బండి బ్యాటరీ 12 వోల్టులు అంటాం గానీ ఇంజిన్ నడుస్తుంటే 14 దాకా ఉంటుంది. దాన్ని 5కి దించేది ఛార్జర్ లోపలి కన్వర్టర్. దాని నష్టాలు కలిపినా బ్యాటరీ వైపు నుంచి 1 యాంపియర్‌కి అటూ ఇటూ. హాలోజెన్ హెడ్‌లైట్ బల్బు ఒక్కటే 35 వాట్లు తాగుతుంది. కాబట్టి బండి నడుస్తున్నంతసేపు ఫోను పెద్ద బరువేం కాదు.

బరువయ్యేది బండి ఆగాక. షాపుల్లో తొందరగా అయిపోతుందని ఛార్జర్‌ని నేరుగా బ్యాటరీకి కలిపేస్తారు. తాళం తీసేసినా అందులో నీలం లైటు వెలుగుతూనే ఉంటుంది. అది, లోపలి సర్క్యూట్ కలిపి 20 మిల్లీయాంపియర్లు లాగుతున్నాయనుకోండి. రోజుకి 0.48 యాంపియర్ అవర్లు. చిన్న బండ్లలో బ్యాటరీ 4 యాంపియర్ అవర్లే ఉంటుంది. అంటే ఎనిమిది రోజుల్లో ఖాళీ. సెల్ఫ్ మొరాయించడం అంతకంటే చాలా ముందే మొదలవుతుంది. సంక్రాంతి సెలవులకి బండి హాస్టల్లో వదిలి ఊరెళ్లొచ్చిన వాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఇప్పుడు చాలా బండ్లకి కిక్ రాడ్డు కూడా ఉండట్లేదు, తోయడమే.

అందుకని తాళం తిప్పితేనే కరెంటు వచ్చే వైరు నుంచి తీసుకోవాలి. మల్టీమీటర్ పెట్టి చూడండి: తాళం ఆన్‌లో 12, ఆఫ్‌లో సున్నా చూపించాలి. హెడ్‌లైట్ వైరు జోలికి మాత్రం వెళ్లొద్దు. పాత చిన్న బండ్లలో దానికి వచ్చేది ఏసీ, అదీ రేజ్ చేసేకొద్దీ మారుతూ ఉంటుంది. ఫాగ్ లైట్లు కూడా పెట్టే ఆలోచన ఉంటే రిలే వాడాలి. అప్పుడు పెద్ద కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా వస్తుంది, తాళం వైరు రిలేని లేపుతుంది అంతే. ఒక్క ఫోనుకి రిలే అనవసరమనే నా అభిప్రాయం.

ఇక ఫ్యూజు. చాలామంది ఇది ఫోన్ని కాపాడుతుందనుకుంటారు. కాదు, వైరుని కాపాడుతుంది. హ్యాండిల్ తిప్పిన ప్రతిసారీ స్టీరింగ్ దగ్గర వైరు వంగి, ఫ్రేముకి రాసుకుంటుంది. ఆ ఫ్రేమే బ్యాటరీ నెగటివ్. ప్లాస్టిక్ తొడుగు అరిగి లోపలి రాగి ఫ్రేముకి తగిలిన రోజు షార్ట్ అవుతుంది. అంత చిన్న బ్యాటరీ కూడా ఆ క్షణంలో పదుల యాంపియర్లు తోస్తుంది, సన్న వైరు ఎర్రగా కాలుతుంది. పైన ట్యాంకు. ఫ్యూజుని ఛార్జర్ పక్కన హ్యాండిల్ మీద పెడితే షార్ట్ అయ్యే చోటు దానికి ముందే వచ్చేస్తుంది, ఉన్నా లేనట్టే. కరెంటు మొదలయ్యే చోట, బ్యాటరీకి జానెడు దూరంలో ఉండాలి. తాళం వైరు నుంచి తీసుకున్నా మన ఫ్యూజు మనకి వేరే కావాలి, ఎందుకంటే బండి ఫ్యూజు 10 లేదా 15 యాంపియర్లది, అది పోయేలోపు మన సన్న వైరు పోతుంది. ఫోనుకి 3 యాంపియర్లది సరిపోతుంది. అది కాలిపోతే ఎందుకు కాలిందో వెతకండి, సిగరెట్ ప్యాకెట్ రేకు చుట్టి లాగించేయకండి.

స్టాండు విషయంలో మన వాళ్లు చూసేది గట్టిగా పట్టుకుంటుందా లేదా అనే. కానీ ఎంత గట్టిగా పట్టుకుంటే ఇంజిన్ వణుకు అంత నేరుగా ఫోనుకి చేరుతుంది. ఫోటో కదలకుండా ఉండటానికి కొన్ని ఫోన్ల కెమెరాలో లెన్సు అయస్కాంతాల సాయంతో సన్నగా కదులుతుంది. ఆ ఏర్పాటు ఈ వణుకుకి పాడవుతుంది. 2021లో యాపిల్ కంపెనీయే పెద్ద ఇంజిన్ల బైకుల మీద ఐఫోన్ బిగించవద్దని హెచ్చరించింది, స్కూటర్లకైతే వణుకు తగ్గించే మౌంట్ వాడమంది. రబ్బరు డ్యాంపర్ ఉన్న స్టాండు కొనండి, లేదా మంచి కెమెరా ఫోను జేబులో ఉంచి ఇంట్లో పడున్న పాత ఫోనుని హ్యాండిల్‌కి ఎక్కించండి. జీపీఎస్‌కి సిమ్ అక్కర్లేదని పైన చెప్పుకున్నాం కదా.

చట్టం సంగతి: 2020 సవరణ ప్రకారం బండి నడుపుతూ ఫోను వాడటం దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ ధ్యాస చెదరనంత వరకే. స్టాండు స్పీడోమీటర్‌కి దగ్గరగా ఉంటే తల వంచక్కర్లేదు. బిగించాక హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి, వైరు లాగకూడదు, క్లచ్ కేబుల్‌కి తగలకూడదు.

ఏడాదికి ఒక్క ట్రిప్ వేసేవాళ్లకి ఇదంతా అక్కర్లేదు. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకులో 37 వాట్ అవర్లు ఉంటాయి, నష్టాలు పోను 30 అనుకుందాం. ఫోను 5 వాట్లు వాడితే ఆరు గంటలు. ఎండ పడకుండా బ్యాగులో పెట్టుకుని పొడవు కేబుల్ లాగండి, బండిలో ఒక్క వైరు కూడా కోయక్కర్లేదు.