పాత కంప్యూటర్ విండోస్ 11కు పనికొస్తుందా? కొత్తది కొనే ముందు చూడాల్సినవి ఇవే

విండోస్ 10తో నడుస్తున్న చాలా కంప్యూటర్లలో అప్‌డేట్ పేజీ తెరిస్తే ఒక సందేశం కనిపిస్తుంది. విండోస్ 11కు కావాల్సిన అర్హతలు ఈ పీసీకి ‘ప్రస్తుతం’ లేవన్నది దాని సారాంశం. అది చూసి కొత్త ల్యాప్‌టాప్ ధరలు వెతకడం మొదలుపెడతారు చాలామంది. కానీ ఆ ‘ప్రస్తుతం’ అనే మాటను గమనించాలి. కొన్ని కంప్యూటర్లలో లోపం యంత్రంలో కాదు, సెట్టింగ్స్‌లో ఉంటుంది.

ఇప్పుడెందుకు చూసుకోవాలి?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ తర్వాత కూడా కంప్యూటర్ మామూలుగానే పనిచేస్తుంది. కానీ కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు మామూలుగా వచ్చే ప్యాచ్‌లు రావు.

దాని వల్ల ఏమవుతుందో 2017 మేలో వ్యాపించిన ‘వానాక్రై’ చూపించింది. ఆంధ్రప్రదేశ్‌లో పలు జిల్లాల పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారినపడ్డాయి. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది. వేసుకోని కంప్యూటర్లే ప్రధానంగా దెబ్బతిన్నాయి. మద్దతు ఆగిపోయిన విండోస్‌లో అసలు వేసుకోవడానికే ప్యాచ్ ఉండదు. నెట్ బ్యాంకింగ్, పన్ను రిటర్నులు అదే కంప్యూటర్‌లో చేసేవారికి ఇది చిన్న విషయం కాదు.

ఏమేం ఉండాలి?

కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ ఉండాలి. ఇవి చాలా పాత కంప్యూటర్లలోనూ ఉంటాయి. చిక్కంతా మిగతా మూడింటితో వస్తుంది. మొదటిది, మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉన్న ప్రాసెసర్. రెండోది, టీపీఎం 2.0. ఎన్‌క్రిప్షన్ తాళాలను భద్రంగా దాచే ఏర్పాటు ఇది. మూడోది, సెక్యూర్ బూట్. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు నమ్మదగిన సాఫ్ట్‌వేర్ మాత్రమే లోడయ్యేలా ఇది కాపలా కాస్తుంది.

ఎలా తెలుసుకోవాలి?

మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ‘పీసీ హెల్త్ చెక్’ యాప్‌ను నడిపితే, ఏది ఉందో, ఏది లేదో విడివిడిగా చూపిస్తుంది. అందులో వచ్చే జవాబును బట్టి తర్వాతి అడుగు వేయాలి.

టీపీఎం లేదని వస్తే వెంటనే ఆశ వదులుకోనక్కర్లేదు. అది ప్రాసెసర్‌లోనే ఉండి, ఆఫ్‌లో ఉండొచ్చు. కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి బయోస్ సెట్టింగ్స్‌లోకి వెళ్తే, ఇంటెల్ యంత్రాల్లో ‘పీటీటీ’ అనీ, ఏఎండీ యంత్రాల్లో ‘ఎఫ్‌టీపీఎం’ అనీ కనిపిస్తుంది. దాన్ని ఆన్ చేస్తే సరిపోవచ్చు.

బయోస్ ముట్టుకునే ముందు రెండు జాగ్రత్తలు అవసరం. డిస్క్‌కు బిట్‌లాకర్ ఉంటే దాని రికవరీ కీని వేరేచోట రాసి పెట్టుకోవాలి. బయోస్ మోడ్ ‘లెగసీ’ అని ఉంటే, డిస్క్‌ను జీపీటీ పద్ధతికి మార్చకుండా యూఈఎఫ్ఐకి మారిస్తే విండోస్ తెరుచుకోదు. అలాంటప్పుడు ఫైళ్లు బ్యాకప్ తీసుకుని, తెలిసినవారి చేత చేయించుకోవడం మేలు.

ప్రాసెసరే జాబితాలో లేదని వస్తే సెట్టింగ్స్‌తో అయ్యే పని కాదు. ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచి, ఏఎండీలో ఎక్కువగా రైజెన్ 2000 సిరీస్ నుంచి అనుమతి ఉంది. ఉదాహరణకు ఐ5-8250యూ ఎనిమిదో తరానిది కాబట్టి పనికొస్తుంది. ఐ5-7200యూ ఏడో తరానిది, పనికిరాదు.

పనికిరాదని తేలితే?

తనిఖీలను దాటేసి విండోస్ 11 ఎక్కించే దారులు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. కానీ అలాంటి కంప్యూటర్లకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. భద్రత కోసం మారి, ఆ భద్రతకే హామీ లేకుండా చేసుకోవడం అవుతుంది.

వ్యక్తిగత వినియోగదారులకు విండోస్ 10 భద్రతా అప్‌డేట్లను 2026 అక్టోబరు 13 వరకు పొడిగించుకునే పథకం ఉంది. కంప్యూటర్‌లో 22హెచ్2 వెర్షన్ ఉండాలి. సెట్టింగ్స్‌ను మైక్రోసాఫ్ట్ ఖాతాతో సింక్ చేస్తే డబ్బు కట్టనక్కర్లేదు. అయితే ఇది గడువు మాత్రమే, పరిష్కారం కాదు.

బ్రౌజర్, ఈమెయిల్, వీడియోలు, పిల్లల చదువు వరకే వాడేవారికి లినక్స్ మింట్, ఉబుంటు లాంటివి మంచి దారి. పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసి, నచ్చితేనే ఎక్కించుకోవచ్చు. టాలీ, అను ఫాంట్లతో పేజ్‌మేకర్, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లు వాడేవారు మాత్రం తొందరపడకూడదు. అవి విండోస్‌ను నమ్ముకుని ఉన్న పనులు.

అర్హత ఉండీ నెమ్మదిగా నడుస్తున్న కంప్యూటర్‌కు హార్డ్‌డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ వేయించి, ర్యామ్‌ను 8 జీబీకి పెంచితే తేడా బాగా తెలుస్తుంది. కొత్త ల్యాప్‌టాప్ ధరతో పోలిస్తే ఆ ఖర్చు తక్కువే. అందుకే షోరూమ్‌కు వెళ్లే ముందు హెల్త్ చెక్ నివేదికను ఒక్కసారి చదవాలి. లేదని చెప్పింది టీపీఎం గురించా, ప్రాసెసర్ గురించా అన్నదాన్ని బట్టే డబ్బు ఖర్చు పెట్టాలా వద్దా అన్నది తేలుతుంది.