పిల్లల బొమ్మల్లో మన చాల్



"మీ ఇల్లు గీయండి" అని ఏ తరగతిలో చెప్పినా దాదాపు ఒకటే బొమ్మ వస్తుంది. రెండు కొండలు, నడుమ సూర్యుడు, పెంకుటిల్లు, పక్కన కొబ్బరిచెట్టు. గీసిన పిల్లవాడు ఉండేదేమో వర్లి చాల్‌లో, మూడో అంతస్తులో. ఆ ఇల్లు డ్రాయింగ్ పుస్తకంలోది, వాడిది కాదు. అందుకే ఈసారి మన బడిలో పోటీ పెట్టడం లేదు, ప్రదర్శన పెడుతున్నాం. పోటీలో ఎవరు బాగా గీసిన్రు అని చూస్తరు. ఇందులో ఏం గీసిన్రు అని చూస్తరు. మొదటి బహుమతి, రెండో బహుమతి ఉండవు.

వలస వచ్చినవాళ్ళ బస్తీలో ఇటువంటిది కొత్తేమీ కాదు. 2015 ఫిబ్రవరి, మార్చి నెలల్లో మన ముంబైలోనే, ధారావిలో 'అల్లీ గల్లీ బినాలే' జరిగింది. తల్లీపిల్లల ఆరోగ్యం కోసం పనిచేసే స్నేహ సంస్థ దాన్ని నడిపింది. కళాకారులు పక్కన ఉండి నేర్పిన్రు, చేసింది మాత్రం ధారావి వాళ్ళే. వాటిని జహంగీర్ ఆర్ట్ గ్యాలరీకి మోసుకుపోలేదు, చూడాలనుకున్నవాళ్ళే ఆ గల్లీలకు వచ్చిన్రు. నాకు బాగా నచ్చింది ఇదే.

మనకు ఇది ఇప్పుడే ఎందుకంటే, చెప్తాను. కామాఠిపురాకు ఆ పేరు కట్టడం పనులకు తెలుగు నేల నుంచి వచ్చిన కామాఠీల వల్ల వచ్చింది. వర్లికి వచ్చిన మనవాళ్ళలో పద్మశాలీలు ఎక్కువ. ఊళ్ళో మగ్గం, ఇక్కడ బట్టల మిల్లు. 1982 జనవరిలో మొదలైన సమ్మెలో రెండు లక్షలకు పైగా కార్మికులు పని ఆపిన్రు. ఆ తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతబడినయి. వాటి జాగాలో ఇప్పుడు టవర్లు, మాల్స్ ఉన్నయి. మిల్లు లోపల ఎట్లుండేదో చూపే ఫోటో మీ ఇంట్లో ఒక్కటైనా ఉందా?

ఇప్పుడు చాల్ వంతు వచ్చింది. బి.డి.డి. చాళ్ళు 1920లలో ప్రభుత్వం కట్టించినవి. ఒక్కో గది 160 చదరపు అడుగులు. వాటిని కూలగొట్టి 500 చదరపు అడుగుల ఫ్లాట్లు ఇస్తున్నరు. వర్లిలో 2025 ఆగస్టులో మొదటి విడతగా 556 కుటుంబాలకు తాళాలు అందినయి. సొంత బాత్రూం, లిఫ్ట్ వస్తే సంతోషమే, అందులో అనుమానం లేదు. కానీ తలుపులన్నీ తెరిచి ఉండే ఆ పొడుగాటి గ్యాలరీ, నల్లా కాడ వరుస, మంచం కింద చదువుకునే జాగా, ఇవి ఈ పిల్లల తర్వాత ఎవ్వరూ చూసి గీయలేరు.

"చాల్‌లో ఉంటమని నలుగురికీ చూపించుకోవడం ఎందుకు సార్?" అని కొందరు తల్లులు అడిగిన్రు. ఆ మాటలో న్యాయం ఉంది. కాబట్టి ఏ బొమ్మ గోడ మీద పెట్టాలో పిల్లలే చెప్తరు, వద్దంటే పెట్టం. ఇంటి గొడవ, తాగుడు వంటివి ఎవరైనా గీస్తే ఆ బొమ్మ బయట పెట్టం. టీచరు ఆ పిల్లలతో విడిగా మాట్లాడుతరు. బొమ్మ కింద పేరు, తరగతి మాత్రమే రాస్తాం, గది నంబరు రాయం.

బొమ్మ కింద రెండు వాక్యాలు తెలుగులో పిల్లలే రాయాలి. అక్షర దోషాలు దిద్దుతాం, మాట మార్చం. "నల్లా కాడ మా నానమ్మ" అని రాస్తే అట్లనే ఉంచుతాం. మరాఠీ మాట పడినా ఫరవాలేదు, మనం మాట్లాడేది అట్లనే కదా.

తల్లిదండ్రులకు ఒక మనవి. దయచేసి మీరు గీసి ఇవ్వకండి. గీత వంకరగా ఉందని రబ్బరు పెట్టి చెరపకండి. దానికి బదులు ఒక సాయంత్రం కూర్చోబెట్టి తాత ఏ ఊరి నుంచి వచ్చిండు, మొదట ఎవరి గదిలో దిగిండు, ఆ గదిలో ఎంతమంది పడుకునేవాళ్ళు, ఇవి చెప్పండి. పెద్ద తరగతుల పిల్లలు ఆ మాటలు నోటుపుస్తకంలో రాసుకోవాలి.

కాగితాలు, రంగులు బడి ఇస్తుంది. పాత ఫోటోలు ఉంటే అసలువి పంపవద్దు, మొబైల్‌లో తీసి పంపితే చాలు. డ్యూటీలు ఉంటాయి కనుక ప్రదర్శన ఆదివారం పెడతాం. తేదీ నోటీసు బోర్డు మీద చూడండి.

– ప్రధానోపాధ్యాయులు