ఏసీలో గ్యాస్ అయిపోదు... లీకవుతుంది!

పోయిన ఎండాకాలం మా ఏసీకి గ్యాస్ పట్టించాం. రెండేళ్లలో అది మూడోసారి. యాకుత్‌పురా రైల్వే స్టేషన్‌కి దగ్గర్లో, పై అంతస్తులో రెండు గదుల ఇల్లు మాది. నెత్తి మీద స్లాబు రాత్రి పదకొండైనా పెనంలా కాలుతూనే ఉంటుంది. బీపీ ఉన్న అమ్మ పడుకునేది ఆ గదిలోనే. వచ్చిన కుర్రాడు గేజ్ పెట్టి, సిలిండర్ తిప్పి, పదిహేను నిమిషాల్లో పని ముగించాడు. "గ్యాస్ అయిపోయింది సార్, నింపేశా" అని డబ్బులు తీసుకుని బండెక్కేశాడు. మూడు వారాలు హాయిగా గడిచింది. తర్వాత మళ్లీ ఉత్త ఫ్యాన్ గాలే.

ఈసారి పక్క సందులో ఉండే పాతకాలపు మెకానిక్ చాచాని పిలిచా. విషయం చెప్పగానే నవ్వాడు. "గ్యాస్ ఏమన్నా పెట్రోలా బేటా, నడిపితే అయిపోనీకి?"

నిజమే కదా! ఏసీలో గ్యాస్ ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న రాగి గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ, లోపలి వేడిని బయటికి మోస్తుంది. తగ్గిందంటే ఎక్కడో చిల్లు పడినట్టే. చిల్లు వెతకకుండా గ్యాస్ నింపడమంటే పంక్చర్ వేయకుండా టైరుకి గాలి కొట్టించడమే. ఇంత చిన్న సంగతి నాకు మూడు బిల్లులు కట్టాక గానీ తట్టలేదు.

చాచా ముందు ఫోన్ టార్చ్ వేసి చూశాడు. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా కొంచెం తిరుగుతుంటుంది. అందుకే లీకున్న చోట జిడ్డు మరక పడి, దాని మీద దుమ్ము పేరుకుంటుంది. ఈ పని మీరూ చేయొచ్చు. ఇండోర్ కాయిల్ మీద మంచు కట్టినా అనుమానించాలి. కాకపోతే ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయినా మంచు కడుతుంది కాబట్టి ముందు దాన్ని కడిగి చూడండి.

తర్వాత ఏసీ ఆపించి, సబ్బు నురగ చేసి ఔట్‌డోర్ దగ్గరున్న ఫ్లేర్ నట్ల మీద పూశాడు. నడుస్తున్నప్పుడు ఒక వైపు ప్రెషర్ తక్కువగా ఉంటుంది, ఆపితేనే రెండు వైపులా సమానమై బుడగ బాగా కనిపిస్తుందట. ఎక్కువ లీకులు ఈ నట్ల దగ్గరే దొరుకుతాయన్నాడు. మా ఏసీకి అక్కడ ఒక్క బుడగా రాలేదు.

అసలు పని అప్పుడు మొదలైంది. మిగిలిన గ్యాస్‌ని మెషిన్‌తో ఖాళీ సిలిండర్‌లోకి లాగేశాడు. చాలామంది దాన్ని గాలిలోకి వదిలేస్తారు. మా ఏసీలో ఉండేది ఆర్-32, నేమ్‌ప్లేట్ మీద 700 గ్రాములని ఉంది. వందేళ్ల లెక్కన ఆర్-32 భూమిని కార్బన్ డయాక్సైడ్ కంటే 675 రెట్లు ఎక్కువ వేడెక్కిస్తుంది. అంటే ఒక్కసారి మొత్తం లీకైతే దాదాపు 470 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు! ఇలాంటి వాయువుల్ని తగ్గించుకోవాలని 2016లో కిగాలీలో ఒప్పందం కుదిరింది. 2021లో మన దేశం దాన్ని ఆమోదించింది. 2047 నాటికి 85 శాతం తగ్గించాలన్నది లక్ష్యం. నేనేమో రెండేళ్లుగా డబ్బిచ్చి మరీ వదిలించాను.

ఖాళీ అయిన గొట్టాల్లోకి నైట్రోజన్ ఎక్కించి, ఔట్‌డోర్ వాల్వులు మూసి, గేజ్ 300 దగ్గర ఆపాడు. ఇప్పుడు ముల్లు పడిపోతే లీకు ఇండోర్‌లోనో, మధ్య పైపులోనో ఉన్నట్టు. రాత్రంతా అలాగే వదిలేశాం. రాత్రి చల్లబడితే ముల్లు కాస్త దిగడం మామూలే. కానీ పొద్దున చూస్తే 240! ఇండోర్ కవర్ విప్పి మళ్లీ నురగ పూస్తే, కాయిల్ చివర వంపు దగ్గర ఆవగింజంత బుడగలు ఒకదాని వెనక ఒకటి పొంగుతున్నాయి.

ఆ రాగి మామూలు రంగులో లేదు, నల్లగా మాడినట్టుంది. చాచా కిటికీలోంచి వెనక నాలా వైపు చూపించాడు. మురుగు నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ రాగిని నల్లగా మార్చి సూది బెజ్జాల్లా తినేస్తుంది. నాలా పక్కన ఇల్లుంటే మనకి ముక్కు మూసుకోవడం తెలుసు, పాపం కాయిల్‌కి తెలియదుగా!

"అతికించేయొచ్చు కదా చాచా?" అన్నాను. ఒక్క చోట పాడైతే బ్రేజింగ్ చేయొచ్చు, కాయిలంతా నల్లబడితే నెల తిరక్కుండా పక్కన ఇంకో బెజ్జం పడుతుంది అన్నాడు. వారంటీ చూస్తే నాలుగు నెలల ముందే అయిపోయింది. గ్యాస్‌కి పోసిన డబ్బుకి ఇంకొంచెం కలిపితే కొత్త కాయిల్ వచ్చేసింది. పై పూత ఉన్నదే తీసుకున్నాం.

కాయిల్ బిగించాక మళ్లీ నైట్రోజన్ పరీక్ష. ఆ తర్వాత వాక్యూమ్ పంపుతో లోపలి గాలి, తేమ లాగేశాడు. ఈ వాక్యూమ్ ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ. తేమ మిగిలితే నూనె పాడై చివరికి కంప్రెసర్‌కే ముప్పు. ఆఖరున సిలిండర్‌ని కాటా మీద పెట్టి 700 గ్రాములు లెక్కగా ఎక్కించాడు. "చేత్తో పైపు పట్టుకుని చల్లగైంది, చాలు అనేటోన్ని నమ్మకు" అన్నాడు.

ఒక్క మాట: సబ్బు నురగ దాటి మీరేమీ చేయకండి. ఆర్-32 మంటంటుకునే గ్యాస్. లోపల గ్యాస్ ఉండగా టార్చ్ పెట్టకూడదు. లీకు టెస్టుకి నైట్రోజన్ బదులు ఆక్సిజన్ ఎక్కిస్తే లోపలి నూనెతో కలిసి పేలిపోతుంది. ఎవరైనా ఆ పని చేయబోతే వెంటనే ఆపించండి.

వెళ్లేముందు చాచా మార్కర్ అడిగి, ఔట్‌డోర్ పక్కన తేదీ, 700 అని రాశాడు. ఈ ఎండాకాలం కూడా ఆ రాత పక్కన ఇంకో తేదీ పడలేదు. అమ్మ మాత్రం రాత్రి రెండింటికి లేచి, చలేస్తోందని రిమోట్ వెతుక్కుంటోంది.