రాకెట్ లేచాక ఎవరు చూస్తారు?

2022 డిసెంబరు 15 సాయంత్రం ఒడిశా, పశ్చిమ బెంగాల్ ఆకాశంలో ఒక వింత వెలుగు కనిపించింది. జనం ఆగి మరీ చూశారు, ఫోన్లలో వీడియోలు తీశారు. అది ఉల్క అన్నవాళ్లు కొందరు, గ్రహాంతరవాసుల వాహనం అన్నవాళ్లు మరికొందరు. చివరికి అది అబ్దుల్ కలాం దీవి నుంచి పరీక్షించిన అగ్ని-5 క్షిపణి అని తేలింది. ఆ దీవి గంజాం జిల్లాలోని మన హుమ్మకి ఈశాన్యంగా రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది.

అంత దూరానికి ఎలా కనబడుతుందన్న సందేహం రావాలి. పొద్దు గుంకిన కాసేపటికి నేల మీద చీకటి పడుతుంది. వంద, రెండు వందల కిలోమీటర్ల ఎత్తున మాత్రం ఎండ ఇంకా ఉంటుంది. రాకెట్ వదిలిన పొగ ఆ ఎత్తుకి చేరి ఎండలో మెరిస్తే, చీకట్లో నిలబడ్డ మనకి అది వెలుగు తోకలా కనిపిస్తుంది. అదే క్షిపణిని మిట్టమధ్యాహ్నం వదిలితే ఇంత దూరాన ఎవరూ గమనించరు. మన దేశ రాకెట్ కథ మొదలైంది కూడా ఇలాంటి సాయంత్రమే. 1963 నవంబరు 21న కేరళలోని తుంబా నుంచి లేచిన నైకీ-అపాచీ రాకెట్ పైన సోడియం ఆవిరిని వదిలింది. ఆ నారింజ రంగు మబ్బుని చాలా దూరం వరకు జనం చూశారు.

ఆ తుంబాలోనే తర్వాత ఏం జరిగిందో చూస్తే ప్రయోగాలు మామూలైపోతే జనం ఇంకా చూస్తారా అన్న ప్రశ్నకి సగం జవాబు దొరుకుతుంది. పైగాలుల తీరు తెలుసుకోవడానికి అక్కడ నుంచి సోవియట్ ఎం-100 రాకెట్లని ఏళ్ల తరబడి ప్రతి బుధవారం వదిలారు. వారం వారం రాకెట్! బుధవారం సంతకి ఉన్నంత సందడి కూడా వాటికి ఉండి ఉండదు. ఆ తర్వాత మనవాళ్లే తయారుచేసిన చిన్న రాకెట్ ఆర్‌హెచ్-200 వచ్చింది. ఒక్కటీ విఫలం కాకుండా వరుసగా 200వ ప్రయోగం 2022 నవంబరు 23న జరిగింది. దాన్ని చూడడానికి మాజీ రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ స్వయంగా వచ్చారు. 199వ దానికి ఎవరు వచ్చారో మనకెవరికీ పట్టలేదు. అంటే రాకెట్ ప్రయోగం మామూలు పని అయిపోవడం రేపటి మాటేమీ కాదు, మన దేశంలోనే ఎన్నడో జరిగింది.

మన పెద్ద రాకెట్లకి మాత్రం ఆ రోజు ఇంకా రాలేదు. హుమ్మ మీదుగా చెన్నై పోయే రైలు మార్గంలోనే సూళ్లూరుపేట ఉంది. అక్కడ దిగితే శ్రీహరికోట. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3తో అక్కడ పెద్ద రాకెట్ల లెక్క మొదలైంది. నూరో ప్రయోగం 2025 జనవరి 29న జరిగింది. నూటికి చేరడానికి నలభై ఐదేళ్లు దాటింది. అమెరికాలో స్పేస్‌ఎక్స్ సంస్థ 2024లో ఒక్క ఏడాదిలోనే 130కి పైగా ఫాల్కన్ రాకెట్లని పంపింది. కిందికి దించిన బూస్టర్‌ని మళ్లీ మళ్లీ వాడడం వల్ల వాళ్లకది సాధ్యమైంది. అక్కడ మామూలు ప్రయోగాల్ని అభిమానులు తప్ప చూసేవాళ్లు తక్కువ. అదే సంస్థ 2024 అక్టోబరు 13న స్టార్‌షిప్ బూస్టర్‌ని గోపురం చేతులతో గాల్లోనే పట్టుకున్నప్పుడు మాత్రం లోకమంతా చూసింది. మనకి 2024లో జరిగినవి అయిదు ప్రయోగాలే. అందుకే శ్రీహరికోట గ్యాలరీకి జనం ఇప్పటికీ ఉత్సాహంగా వస్తున్నారు.

జనం కళ్లు తిప్పుకోవడానికి ఎన్నో ఏళ్లు పట్టదు. 1969 జులైలో అపోలో-11ని ప్రపంచమంతా చూసింది. తొమ్మిది నెలలు తిరిగేసరికి, 1970 ఏప్రిల్ 13న, అపోలో-13 వ్యోమగాములు నౌక లోపల నుంచి చేసిన ప్రసారాన్ని అమెరికా పెద్ద టీవీ సంస్థలు ప్రత్యక్షంగా చూపలేదు. కొద్ది నిమిషాలకే ఆక్సిజన్ ట్యాంకు పేలింది. ఇక అందరూ టీవీల ముందు కూర్చున్నారు. 1986 జనవరి 28న ఛాలెంజర్ లేచేనాటికి అది ఇరవై అయిదో షటిల్ యాత్ర. పెద్ద చానళ్లు ప్రత్యక్ష ప్రసారం ఇవ్వలేదు. ఉపాధ్యాయురాలు క్రిస్టా మెకాలిఫ్ అందులో ఉన్నందువల్ల బడిపిల్లలు మాత్రం చూశారు. చలికి రాకెట్ అతుకుల్లోని రబ్బరు వలయాలు బిగుసుకుపోతాయని ముందు రాత్రే ఇంజనీర్లు హెచ్చరించారు. ఆ మాట చెల్లలేదు. ఆ ప్రమాదంలో నౌకలోని ఏడుగురూ చనిపోయారు.

నన్ను కలతపెట్టేది ఇదే: చూసేవాడి విసుగు పనిచేసేవాడికీ అంటడం. చూసేవాడికి విసుగు పుట్టడం తప్పు కాదు. హుమ్మ స్టేషన్ మీదుగా కోరమండల్ ఎక్స్‌ప్రెస్ వెళ్తుంటే ఎవరం తలెత్తి చూస్తాం? చూడనక్కర్లేదు కూడా. కానీ 2023 జూన్ 2న బాలాసోర్ జిల్లా బహనాగా బజార్ దగ్గర అదే కోరమండల్ ప్రమాదానికి గురై 290 మందికి పైగా పోయారు. సిగ్నల్ వైరింగులో జరిగిన తప్పే దానికి కారణం. రోజూ నడిచే బండి అని ప్రయాణికుడు నిశ్చింతగా నిద్రపోవచ్చు. వైరు కలిపేవాడికి, దాన్ని తనిఖీ చేసేవాడికి మాత్రం ప్రతి రోజూ మొదటి రోజే కావాలి. రాకెట్లకీ అంతే. 2025 మే 18న పీఎస్‌ఎల్‌వీ-సీ61 మూడో దశలో విఫలమైంది. మూడు దశాబ్దాలుగా మనం కళ్లు మూసుకుని నమ్మిన రాకెట్ అది.

ఇంకో సంగతి. మనం చూసేది నిప్పులు కక్కుతూ లేచే మొదటి రెండు మూడు నిమిషాలు. అసలు పని ఆ తర్వాతే. శ్రీహరికోట నూరో ప్రయోగంలో రాకెట్ తన పని చక్కగా చేసింది, చప్పట్లు మోగాయి. కానీ అది మోసుకెళ్లిన ఎన్‌వీఎస్-02 ఉపగ్రహంలో ఇంజన్లకి ఆక్సిడైజర్ అందించే వాల్వులు తెరుచుకోలేదు. దాంతో ఉపగ్రహం అనుకున్న కక్ష్యకి చేరలేదు. అప్పటికి జనం టీవీలు కట్టేసి పనుల్లో పడ్డారు.

దీనికి ఎదురు ఉదాహరణ మన గంజాం గడ్డ మీదే ఉంది. 2013 జులై 26న ఇన్సాట్-3డి అనే వాతావరణ ఉపగ్రహాన్ని దక్షిణ అమెరికాలోని కౌరూ నుంచి ఏరియన్-5 రాకెట్ పంపింది. బరంపురంలో ఆ ప్రయోగం కోసం రాత్రి మేలుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారంటే నేను నమ్మను. పదకొండు వారాలకి, అక్టోబరు 12న, ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. ఇలాంటి ఉపగ్రహం 36,000 కిలోమీటర్ల ఎత్తున భూమితో పాటే తిరుగుతుంది కనుక బంగాళాఖాతం మీద నుంచి దాని చూపు తప్పదు. మబ్బుల పైభాగం ఎంత చల్లగా ఉందో పరారుణ కెమెరా రాత్రిపూట కూడా కొలుస్తుంది. తుపాను కన్ను ఎక్కడుందో, ఎటు కదులుతోందో అందులోంచే పట్టుకుంటారు. ఆ చిత్రాలు, రాడార్లు, మిగతా ఉపగ్రహాలు అన్నీ కలిసి ఇచ్చిన వ్యవధిలో దాదాపు పది లక్షల మందిని సురక్షిత చోట్లకి తరలించారు. 1999 మహా తుపానులో ఒడిశాలో పోయినవాళ్లు సుమారు పదివేల మంది. ఫైలిన్‌లో ఆ సంఖ్య వందలోపే. రాకెట్‌ని ఎవరూ చూడలేదు, దాని ఫలం మాత్రం మన ఇళ్లలోనే ఉంది. వాన పడితే మళ్లల్లోని ఉప్పు కరిగిపోయే హుమ్మలో వాతావరణ సూచన విలువ ఒకరు చెప్పాల్సిన పని లేదు.

కాబట్టి మామూలు ఉపగ్రహాల ప్రయోగాలు చూడడం జనం మానేస్తారు, మానేయవచ్చు. గగన్‌యాన్‌లో మన మనిషి ఎక్కినప్పుడు, చంద్రుడి మీది మట్టి తీసుకురావడానికి నౌక వెళ్లినప్పుడు మళ్లీ చూస్తారు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగుతుంటే ఒక్క యూట్యూబులోనే ఒకే సమయంలో 80 లక్షల మంది చూశారు.

చూడడం మానేసే వీలు లేనివాళ్లు మాత్రం ఉన్నారు. చాందీపూర్‌లో (ఇదీ ఒడిశా తీరమే) క్షిపణి పరీక్ష అంటే పక్క ఊళ్లవాళ్లు ఇళ్లు వదిలి తాత్కాలిక శిబిరానికి పోవాలి, పరిహారం తీసుకుని సాయంత్రానికి తిరిగి రావాలి. శ్రీహరికోటలో ప్రయోగం అంటే చుట్టుపక్కల జాలర్లు ఆ రోజు వలలు ఒడ్డునే పెట్టుకోవాలి. ఏడాదికి అయిదు ప్రయోగాలప్పుడు ఇది ఓర్చుకోదగ్గ ఇబ్బంది. శ్రీహరికోటలో మూడో వేదికకి 2025లో అనుమతి వచ్చింది, తమిళనాడు కులశేఖరపట్టణంలో కొత్త కేంద్రానికి 2024లో శంకుస్థాపన జరిగింది. ప్రయోగాలు యాభైకి చేరితే పోగయ్యేవి ఎన్ని కూలి రోజులు? తాబేళ్లు గుడ్లు పెట్టే జనవరి నుంచి మార్చి వరకు అబ్దుల్ కలాం దీవిలో పరీక్షలు ఆపడానికి రక్షణ శాఖ ఒప్పుకుంది. మన ఋషికుల్య మొగలో కూడా అవే తాబేళ్ల కోసం జాలర్లు ఏటా నవంబరు నుంచి మే వరకు వేట నిషేధం భరిస్తున్నారు. తాబేలు కోసం తేదీలు జరిపినవాళ్లు, చేపలు బాగా పడే రోజుల్ని చూసి జాలరి కోసం కూడా జరపగలరు. వేట పోయిన ప్రతి రోజుకీ ఇంతని ముందే రాసి ఇవ్వగలరు. ఆ ఒప్పందం ప్రయోగాలు అయిదుగా ఉన్నప్పుడే, కెమెరాలు ఇంకా అటువైపు తిరిగి ఉన్నప్పుడే కుదరాలి.