యోని ఆమ్లత్వం వెనుక ఈస్ట్రోజెన్

ముట్లుడిగిన స్త్రీలు వాడే హార్మోను మందుల వివరపత్రాలలో రెండు దశాబ్దాలకు పైగా ఉంటూ వచ్చిన గుండెజబ్బు, రొమ్ము క్యాన్సర్, మతిమరుపు వ్యాధి హెచ్చరికలను తొలగించనున్నట్లు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2025 నవంబరులో ప్రకటించింది. ఆ హెచ్చరిక మింగే మాత్రలకే పరిమితం కాక, యోనిలో రాసుకునే అతి తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీములకు కూడా వర్తించింది. అది ఎంత అసంగతమో గ్రహించాలంటే యోని కణజాలంలో ఈస్ట్రోజెన్ చేసే పనిని తెలుసుకోవాలి.

గ్రంథులు రక్తంలోకి వదిలే రసాయన సంకేతాలే హార్మోన్లు. స్త్రీ లైంగిక ఆరోగ్యంలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్‌లతో పాటు, పురుష హార్మోనుగా పేరుపడినా స్త్రీ అండాశయాలలోనూ తయారయ్యే టెస్టోస్టెరాన్‌కూ పాత్ర ఉంది. కోరికను మాత్రం ఏ ఒక్క హార్మోనూ శాసించదు. నిద్ర, మనఃస్థితి, దాంపత్యంలోని సఖ్యత, వాడుతున్న ఇతర మందులు కూడా దాన్ని ప్రభావితం చేస్తాయి. ఈస్ట్రోజెన్ ప్రభావం ఎంతో స్పష్టంగా కనిపించే చోటు యోని గోడ.

ఆ గోడ లోపలి పొర అనేక వరుసల కణాలతో ఏర్పడినది. ఈస్ట్రోజెన్ ఆ కణాలలోని గ్రాహకాలకు, అంటే హార్మోనును గుర్తించే ప్రోటీన్లకు, అతుక్కోగానే అడుగు వరుసలోని కణాలు విభజన చెందుతూ పైకి జరుగుతాయి, పొర మందమవుతుంది, పైకి చేరిన కణాలలో గ్లైకోజెన్ అనే నిల్వ పిండిపదార్థం నిండుతుంది. ఆ కణాలు రాలిపోయినప్పుడు బయటపడిన గ్లైకోజెన్‌ను, లాలాజలంలో ఉండే ఎంజైము కుటుంబానికే చెందిన ఆల్ఫా అమైలేజ్ చిన్న చక్కెరలుగా విడగొడుతుంది. వాటిని ఆహారంగా తీసుకునే లాక్టోబాసిల్లస్ బాక్టీరియా లాక్టిక్ ఆమ్లాన్ని విడుదల చేయడం వల్ల యోనిలో ఆమ్లత్వాన్ని సూచించే పీహెచ్ 3.5 నుంచి 4.5 మధ్య నిలుస్తుంది, ఆ ఆమ్లంలో అనేక హానికర సూక్ష్మజీవులు పెరగలేవు. లాక్టోబాసిల్లస్ ఇంతగా ఆధిపత్యం వహించడం ఇతర క్షీరదాలలో దాదాపు కనిపించదు.

ఈ గొలుసులోని పలు అంశాల దగ్గర శాస్త్రజ్ఞులు తడబడ్డారు. జర్మన్ వైద్యుడు ఆల్బర్ట్ డోడర్‌లైన్ 1892లోనే ఈ బాక్టీరియాను వర్ణించినా, ఆమ్లం వాటినుంచే వస్తుందా, లేక యోని కణాలే దాన్ని తయారుచేస్తాయా అన్న వాదన శతాబ్దం పాటు సాగింది. లాక్టిక్ ఆమ్లానికి ఎడమ, కుడి చేతుల వంటి రెండు రూపాలు ఉన్నాయి; వాటిలో మానవ కణాలు చెప్పుకోదగినంతగా తయారుచేయలేని రూపమే యోనిలో సగానికి మించి ఉందని 2001లో తేలడంతో ప్రధాన మూలం బాక్టీరియానే అని రుజువైంది. బాక్టీరియా గ్లైకోజెన్‌ను నేరుగా తింటాయని పాఠ్యపుస్తకాలు చెబుతూ వచ్చాయి గాని, ప్రయోగశాలలో అనేక రకాలు దానిమీద పెరగలేదు; అమైలేజ్ పాత్ర 2014లో గాని స్పష్టపడలేదు. రక్షణ అంతా ఆ బాక్టీరియా విడుదల చేసే హైడ్రోజన్ పెరాక్సైడ్‌దేనన్న నమ్మకం కూడా, ఆక్సిజన్ అరుదైన ఆ చోట అది తగినంత తయారుకాదని తెలియడంతో వీగిపోయింది.

అసలు ఈస్ట్రోజెన్‌ను పట్టి ఇచ్చినవి కూడా యోని కణాలే. శాస్త్రజ్ఞులు ఎడ్గార్ అలెన్, ఎడ్వర్డ్ డాయిసీ 1923లో పంది అండాశయాల నుంచి తీసిన ద్రవాన్ని, అండాశయాలు తొలగించిన ఎలుకలకు ఎక్కించి, వాటి యోని కణాలు పొలుసులుగా మారడాన్ని సూక్ష్మదర్శినిలో చూసి, ఆ ద్రవంలో హార్మోను ఉందని నిర్ధారించారు.

కలయిక వేళ కలిగే తడి విషయంలోనూ చాలాకాలం పొరపాటే రాజ్యమేలింది. అది గర్భాశయ ముఖద్వారం నుంచి, యోనిద్వారం దగ్గరి బార్తొలిన్ గ్రంథుల నుంచి వస్తుందని భావించగా, అందులో అధికభాగం యోని గోడలోని రక్తనాళాల నుంచి ఊరే ద్రవమేనని లైంగిక శాస్త్ర పరిశోధకులు మాస్టర్స్, జాన్సన్‌ల పరిశోధన చూపింది. ఆ రక్తప్రసారాన్ని నిలబెట్టేది కూడా ఈస్ట్రోజెనే.

కనుక ముట్లుడిగాకా, బిడ్డకు పాలిచ్చే నెలల్లోనూ ఈస్ట్రోజెన్ తగ్గినప్పుడు పొర పలచబడుతుంది, తడి తగ్గుతుంది, కలయిక నొప్పిగా మారుతుంది. ముట్లుడిగిన తర్వాత ఆమ్లత్వం కూడా తగ్గి మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లు పదేపదే రావచ్చు. అలా పదేపదే వచ్చే స్త్రీలలో, యోనిలో ఈస్ట్రియాల్ అనే ఒక రకం ఈస్ట్రోజెన్ క్రీము వాడినవారిలో ఇవి ఏడాదికి సగటున 0.5కు తగ్గగా, వాడనివారిలో 5.9గా ఉన్నాయని 1993లో ఒక ప్రయోగం తేల్చింది.

మొదట చెప్పిన హెచ్చరికకు ముఖ్య ఆధారం 2002లో ఆపివేసిన ఒక అమెరికా అధ్యయనం. అందులో 16,608 మంది స్త్రీలు పాల్గొన్నారు. వారి సగటు వయసు 63 ఏళ్లు, వారిలో సుమారు సగం మందికి ఇచ్చినవి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ వంటి మందైన ప్రొజెస్టిన్ కలిసిన మాత్రలు. ఆ ఫలితాల ఆధారంగా వచ్చిన హెచ్చరికను, రక్తంలోకి అత్యల్పంగా మాత్రమే చేరే క్రీముకూ అంటించడం శాస్త్రీయ తప్పిదమే, దానివల్ల భయపడి సులభమైన చికిత్సను వదులుకున్న స్త్రీలకు జరిగినది అన్యాయం.

తెలుగు నేలపై ఈ అవగాహన మరింత ముఖ్యం. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. గర్భసంచితో పాటు రెండు అండాశయాలనూ తీసివేస్తే ఈస్ట్రోజెన్ కొద్ది రోజులలోనే పడిపోతుంది. ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు అండాశయాలు ఉంచుతారా, తీస్తారా, తీస్తే ఆ తర్వాత చికిత్స ఏమిటి అని ప్రతి స్త్రీ అడగాలి, వైద్యులు ఆమెకు అర్థమయ్యేలా జవాబు చెప్పాలి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు మాత్రం తమ క్యాన్సర్ వైద్యుని సలహా లేకుండా ఈస్ట్రోజెన్ క్రీములను వాడరాదు.