విద్యుత్ సైకిల్ గొలుసు: అరుగుదలకు కారణాలు, నివారణ

మోటారును చక్రనాభిలో అమర్చిన విద్యుత్ సైకిల్‌లో దాని శక్తి నేరుగా చక్రానికి చేరుతుంది. పెడళ్ల వద్ద అమర్చినప్పుడు తొక్కేవారి బలమూ, మోటారు బలమూ గొలుసు ద్వారానే వెనుక చక్రానికి చేరాలి. తొక్కేవారు 100 వాట్లు అందిస్తుండగా 250 వాట్ల మోటారు పూర్తిగా తోడైతే, గొలుసు మోసే శక్తి మూడు రెట్లు దాటుతుంది.

గొలుసు ‘సాగింది’ అనడం వాడుక. వాస్తవానికి లోహం సాగదు. లంకెల పిన్నులు రాపిడికి అరిగి, 12.7 మిల్లీమీటర్లు ఉండవలసిన వాటి మధ్య దూరం పెరుగుతుంది. అటువంటి గొలుసు పళ్లచక్రాలను కూడా అరగదీస్తుంది. 24 లంకెల పొడవు 304.8 మిల్లీమీటర్లు. అది సుమారు 1.5 మిల్లీమీటర్లు, అనగా 0.5 శాతం, పెరగగానే గొలుసును మార్చడం శ్రేయస్కరం. ఆలస్యమైతే అంతకంటె ఖరీదైన పళ్లచక్రాలను కూడా మార్చవలసి వస్తుంది.

శక్తి అనేది గొలుసు లాగుడు, వేగాల లబ్ధం. కనుక ఎత్తు ఎక్కేటప్పుడు తేలిక గేరులో త్వరత్వరగా తొక్కితే, అదే శక్తికి లాగుడు తగ్గుతుంది. గేరు మార్చే క్షణంలో పెడల్‌పై ఒత్తిడి సడలించాలి. నూనెతో కలిసిన దుమ్ము ఆకురాయివలె పనిచేస్తుంది. అందువల్ల గొలుసును ముందుగా శుభ్రపరచి, లంకెల లోపలికి నూనె దిగనిచ్చి, పైన మిగిలినదానిని తుడిచివేయాలి.