చీటీ డబ్బులతో ఒక పాత వీటెక్

మాది నందిగామ. హైవే పక్క ఊళ్లో పుట్టినవాళ్లకి బండ్ల పిచ్చి ఎవరూ ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు. చిన్నప్పుడు డాబా మీద పడుకుని, చప్పుడు విని అది లారీయా, గరుడ బస్సా, కారా అని పందేలు వేసుకునేవాళ్లం. ఆ పందేల్లో ఎప్పుడూ గెలిచేది మా బాబాయి. ఆయన జగ్గయ్యపేట దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరు. కుర్రాడిగా ఉన్నప్పుడు ఎవరిదో హోండా సిటీ వీటెక్ ఎక్కి ఒకసారి కీసర దాకా వెళ్లొచ్చాడట. అప్పటినుంచీ అదొక్కటే పాట.

2025 వేసవిలో చీటీ పాడితే లక్షా అరవై వేలు చేతికొచ్చాయి. పిన్ని ఒకే మాట అంది: "కారు కొనుక్కో, కాదనను. కానీ దాని కోసం మళ్లీ ఇంట్లో రూపాయి అడగొద్దు." అందుకని మా లెక్క మొదటిరోజే తేలిపోయింది. లక్షలోపు కొనాలి, మిగతా అరవై వేలు బాగుచేయించడానికి దాచాలి. పాత కారు కొనేవాళ్లలో చాలామంది ఉన్న డబ్బంతా కొనడానికే పెట్టేస్తారు. ఆ తర్వాత టైమింగ్ బెల్టు మార్చడానికి డబ్బుల్లేక ఆర్నెల్లు భయపడుతూ నడుపుతారు.

అసలు ఆ వీటెక్‌లో ఏముంది? మెకానికల్ వాళ్లు ఈ పేరా దాటేయొచ్చు. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు వాల్వులు తక్కువగా తెరుచుకుంటే మైలేజీ, మెత్తదనం బాగుంటాయి. వేగంగా తిరిగేటప్పుడు ఎక్కువ తెరుచుకుని, ఎక్కువసేపు అలాగే ఉంటే గాలి బాగా వెళ్తుంది, పవర్ వస్తుంది. మామూలు ఇంజిన్ ఈ రెండిటికీ మధ్యస్థంగా ఒక క్యామ్ ఆకారం పెట్టుకుని సర్దుకుపోతుంది. వీటెక్‌లో రెండు రకాల ఆకారాలూ ఒకే క్యామ్‌షాఫ్ట్ మీద ఉంటాయి. ఆర్‌పీఎం పెరిగాక ఇంజిన్ ఆయిల్ ప్రెషరే ఒక చిన్న పిన్నుని నెట్టి రాకర్ ఆర్మ్‌లని కలిపి లాక్ చేస్తుంది. అప్పటినుంచి పెద్ద క్యామ్ మాట చెల్లుతుంది. ఇదంతా చేసేది ఆయిల్ కాబట్టి, ఆయిల్ తక్కువున్నా, తారులా చిక్కబడినా ఆ రెండో ఊపు రాదు. 1998లో మన దేశంలోకి వచ్చిన మొదటి తరం సిటీకి 2000లో ఈ 1.5 లీటర్ల ఇంజిన్ పెట్టారు. 106 హార్స్‌పవర్, అదీ 6800 ఆర్‌పీఎం దగ్గర. 2003 చివర్లో దాని స్థానంలో వచ్చిన డాల్ఫిన్ ఆకారం సిటీకి మొదట ఇచ్చిన ఇంజిన్ 77 హార్స్‌పవర్‌ది. పాతదాని కోసం జనం ఇంకా ఎందుకు వెతుకుతారో దీంతో అర్థమైపోతుంది.

అయితే మేం మొదట చూసింది వీటెక్ కాదు. విజయవాడలో ఒక బ్రోకరు ఫియట్ లీనియా టీ-జెట్ చూపించాడు. 1.4 లీటర్ల టర్బో, 114 హార్స్‌పవర్, అడిగింది లక్షా పాతిక వేలే. "లేడీ డాక్టరుగారి బండండీ, ఇంట్లో నుంచి హాస్పిటల్‌కి, హాస్పిటల్ నుంచి ఇంటికి" అన్నాడు. (అమ్మకానికి వచ్చే ప్రతి కారూ ఒక డాక్టరుగారిదే ఎందుకవుతుందో నాకు ఇప్పటికీ తెలీదు.) బడ్జెట్ దాటుతున్నా బాబాయి కళ్లు మెరిశాయి. పెయింట్ అద్దంలా ఉంది. లోపల అగరుబత్తి వాసన, దాని కింద ఇంకేదో వాసన.

మన ప్రాంతంలో పాత కారు కొనేవాళ్లు నీళ్ల గురించి ఆలోచించకుండా అడుగు వేయకూడదు. 2023 జులైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదికి నీళ్లొస్తే బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. 2024 సెప్టెంబరు మొదట్లో మళ్లీ అదే జరిగింది. అప్పుడే బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్, చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఇళ్ల ముందు పెట్టిన కార్లు కూడా ఆ నీళ్లలోనే ఉన్నాయి. వాటిల్లో కొన్ని తుక్కు కింద పోయాయి, కొన్ని కడిగి తుడిచి మళ్లీ రోడ్డెక్కాయి. మునిగిన కారు కొనడం నేరమేం కాదు. మునిగిందని తెలీకుండా మంచి కారు ధరకి కొనడంలోనే నష్టం.

చూడటం పెద్ద కష్టం కాదు. సీట్ బెల్టుని చివరిదాకా లాగండి. సీట్ కవర్లు మారుస్తారు, కార్పెట్ మారుస్తారు, బెల్టు చివరి మూర మాత్రం చాలామంది మర్చిపోతారు. మాకు అక్కడే దొరికింది, మట్టి రంగు గీత ఒకటి, అడ్డంగా. తర్వాత సీటు కింద పట్టాల బోల్టులు చూశాం, తుప్పు. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంటలో వేలితో గీస్తే సన్నని ఒండ్రు. ఫ్యూజ్ బాక్సు మూత తీస్తే రాగి మీద పచ్చటి చిలుం. ఇంజిన్ బాగానే స్టార్టయింది, అది వేరే సంగతి. మునిగిన బండికి అసలు జబ్బు వైరింగ్‌లో ఉంటుంది, నిదానంగా బయటపడుతుంది. ఈరోజు పవర్ విండో, వచ్చే నెల ఏబీఎస్ లైటు, ఏడాదికి ఈసీయూ. ఇంకో చిట్కా కూడా ఉంది. ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్న కారైతే పాత పాలసీ అడిగి అందులో నో క్లెయిమ్ బోనస్ ఎంతుందో చూడండి. ఏళ్లుగా పెరుగుతూ వచ్చింది ఒక్కసారిగా సున్నాకి పడిపోతే ఆ ఏడాది ఏం జరిగిందో అడగాలి. మేం అడిగాం. బ్రోకరుకి సరిగ్గా అప్పుడే ఫోనొచ్చింది.

రెండోది వీటెక్కే, నంబరు ఏపీ 09. "ఏపీ అని ఉందిగా, మన రాష్ట్రమే" అనుకున్నాను నేను. కాదు. ఏపీ 09 హైదరాబాద్ కోడు. 2014కి ముందు ఇచ్చిన నంబరు, రికార్డులన్నీ తెలంగాణ ఆర్టీఓ దగ్గరే ఉన్నాయి. అంటే అక్కడినుంచి ఎన్‌ఓసీ తెచ్చుకుని, ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించి, టాక్సు లెక్క తేల్చుకోవాలి. కారు బాగానే ఉంది కానీ మా అరవై వేలు ఆఫీసుల చుట్టూనే అయిపోయేలా ఉన్నాయి. వదిలేశాం.

మూడోది ఏపీ 16, అంటే మన పాత కృష్ణా జిల్లా నంబరే. 2002 మోడలు. లక్షా పది అడిగారు. ఐడిల్‌లో చిన్నగా వణుకుతోంది. ఒక షెడ్డులో చూపిస్తే, "ఇంజిన్ దింపాలి, నలభై అయిదు అవుతుంది" అని చేతులు కడుక్కున్నారు. ఓనరుకీ అదే చెప్పినట్టున్నారు, ఆయనా ఆశ వదిలేసుకున్నాడు. బాబాయి మాత్రం వదల్లేదు. ఓనర్ని ఒప్పించి, ఆటోనగర్లో తనకి తెలిసిన ముసలి మేస్త్రి దగ్గరికి బండిని తీసుకెళ్లాడు.

విజయవాడ ఆటోనగర్ ఎప్పుడూ చూడకపోతే ఒక్కసారి వెళ్లండి, మన ల్యాబుల్లో దొరకని చదువు అక్కడ దొరుకుతుంది. ఒక వీధిలో రేడియేటర్లే, ఇంకో వీధిలో లేత్ పనే, మరోచోట సీట్ల రెక్సినే. ఒకాయన జీవితమంతా గేర్‌బాక్సులే విప్పుతుంటాడు, పక్కాయనకి గేర్‌బాక్సు సంగతే అక్కర్లేదు.

ఆ మేస్త్రి కంప్రెషన్ గేజి తెచ్చాడు. నాలుగు ప్లగ్గులూ పీకేసి, ఇంధనం, స్పార్కు ఆపేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టమన్నాడు. ఒక్కో సిలిండరుకీ గేజి బిగించి నేను నోట్ చేసుకున్నాను: 172, 168, 128, 170. మూడోదానిలోనే తేడా. తర్వాత ఆయన చేసిన పని నాకు బాగా నచ్చింది. మూడో సిలిండర్లోకి ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొట్టించాడు. ఆయిల్ వెళ్లి పిస్టన్ రింగుల చుట్టూ ఉన్న సందు మూస్తుంది. కాబట్టి రీడింగ్ బాగా పెరిగితే అరిగినవి రింగులు, ఇంజిన్ దింపాల్సిందే. పెరగకపోతే గాలి పైనుంచి, అంటే వాల్వుల దగ్గర పోతోందని అర్థం. మాకు 132 వచ్చింది, పెరగనట్టే లెక్క.

వాల్వ్ కవర్ విప్పి ఫీలర్ గేజి పెట్టాడు. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వుకి, రాకర్‌కి మధ్య గ్యాప్ అసలు లేదు. ఈ ఇంజిన్లో టాపెట్లు వాటంతటవే సర్దుకునే రకం కాదు, స్క్రూ తిప్పి సెట్ చేయాలి. వాల్వు సీటు అరిగేకొద్దీ వాల్వు పైకి జరుగుతుంది, గ్యాప్ తగ్గిపోతుంది. చివరికి వాల్వు పూర్తిగా మూసుకోదు. ఎన్నేళ్లుగానో ఎవరూ ముట్టుకున్నట్టు లేదు. నాలుగు సిలిండర్లకీ టాపెట్లు సెట్ చేయడానికి ఆయన తీసుకున్నది ఎనిమిది వందలు. మళ్లీ చూస్తే మూడోది 150. వణుకు చాలా తగ్గింది.

ఇక్కడ బాబాయి మీద నాకు కొంచెం గౌరవం పెరిగింది. ఓనరు పక్కనే ఉన్నాడు, రీడింగులన్నీ ఆయనకీ చూపించి, "మీ ఇంజిన్ పోలేదండీ" అని చెప్పేశాడు. చెప్పకుండా ఉంటే అరవై వేలకే వచ్చేదేమో. ఎనభై అయిదుకి బేరం తెగింది.

ఆ తర్వాత నాకూ బాబాయికీ పెద్ద గొడవ. నాకు అల్లాయ్ వీల్స్ కావాలి, సౌండొచ్చే ఎగ్జాస్ట్ కావాలి. ఆయన మొదటి పద్నాలుగు వేలు టైమింగ్ బెల్టు, టెన్షనరు, వాటర్ పంపు, ఆయిల్ సీళ్లకి పెట్టాడు. ఆ బెల్టు తెగిందంటే క్యామ్ ఆగిపోతుంది, పిస్టన్లు ఆగవు, వెళ్లి వాల్వులకి కొట్టుకుంటాయి. పాత బెల్టు వెనక్కి వంచి చూపించాడు, పళ్ల మధ్య పగుళ్లు. టైర్లు చూడటానికి బాగానే ఉన్నాయి కానీ, పక్కన డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు 1116. అంటే 2016లో పదకొండో వారం. తొమ్మిదేళ్ల రబ్బరు, గ్రిప్ ఎంత ఉన్నా నమ్మకూడదు. నాలుగూ మార్చాం, 15,200. బ్రేకులకి తొమ్మిది వేలు. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమ పీల్చుకుంటుంది. ఆ నీరు వేడికి ఆవిరైతే సరిగ్గా అవసరమైనప్పుడే పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. మా దాంట్లో ఆయిల్ టీ రంగులో ఉంది. లోయర్ ఆర్మ్ బుష్‌లు, ముందు షాకబ్జర్లు పదహారు వేలు. హోస్ పైపులు, కూలెంట్, ఇంజిన్ ఆయిల్ కలిపి ఆరున్నర. సి బుక్కు మార్పిడి, ఇన్సూరెన్స్, బ్రోకరు ఖర్చు తొమ్మిది. సొంతానికి మిగిలింది నాలుగున్నర వేలు.

కాగితాల గురించి ఒక్క ముక్క. ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకుని డ్రాయర్లో పడేయడం మనవాళ్లకి అలవాటు. బండి మారాక 14 రోజుల్లో అమ్మినవాళ్లు తెలియజేయాలి, 30 రోజుల్లో కొన్నవాళ్లు పేరు మార్పించుకోవాలి. రికార్డులో పేరు ఎవరిదైతే యాక్సిడెంట్ పరిహారానికి వాళ్లే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఆ ఓనరు మాకంటే ఎక్కువ తొందరపడ్డాడు. 15 ఏళ్లు దాటిన కారుకి రిజిస్ట్రేషన్ అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. ఆ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 అయింది. 20 ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. మాది 2027లో వస్తుంది, పిన్నికి ఇంకా చెప్పలేదు.

ఇక నా ఎగ్జాస్ట్ సంగతి. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మన ఇష్టానికి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకీ 5,000 జరిమానా, ఆర్నెల్ల వరకూ జైలు కూడా వేయొచ్చు. ఈ సెక్షన్ బాబాయికి చదివి వినిపించినవాణ్ణి నేనే. వేరే ఏదో వెతుకుతుంటే దొరికింది.

ఇప్పుడు బండి వారానికోసారి నందిగామ నుంచి విజయవాడ వెళ్లొస్తోంది. ఖాళీ రోడ్డు దొరికితే బాబాయి రెండో గేర్లో కాస్త ఎక్కువ తొక్కుతాడు, చప్పుడు మారుతుంది, ఇద్దరం మాట్లాడకుండా వింటాం. ఏసీ మాత్రం పనిచేయడం లేదు. కంప్రెసర్ పోయిందట, పదివేల పైమాటే. పిన్ని అద్దం దించుకుని, కొంగు తలమీద వేసుకుని కూర్చుంటుంది. మాట ప్రకారం బాబాయి ఇంకా రూపాయి అడగలేదు.